గుండ్రం నింపాలా, ఖాళీగా వదలాలా: ఒక కండక్టరమ్మ ఉత్తరం

పేరు, ఊరు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు. ఆర్టీసీలో పన్నెండేళ్ల నుంచి కండక్టర్‌గా చేస్తున్న ఒక అమ్మ నాలుగు పేజీల ఉత్తరం పంపారు, దాంతోపాటు కూతురి నోట్‌బుక్ పేజీలు ఫోన్‌లో ఫొటోలు తీసి పంపారు. ఆవిడ చదివింది పదో తరగతి వరకు, ఊళ్లో గవర్నమెంట్ స్కూల్లో, తెలుగు మీడియం. కూతురిని మాత్రం కష్టపడి ఐసీఎస్ఈ స్కూల్లో వేశారు, ఇప్పుడు 10వ తరగతి. ఉత్తరంలోంచి ముఖ్యమైన ముక్క ఇక్కడ పెడుతున్నా.

“మేడం, మా పాప ఎనిమిదో తరగతి వరకు లెక్కల్లో బాగానే ఉండేది. ఈ హాఫ్ ఇయర్లీలో 80కి 41 వచ్చాయి. ఏమైందే అంటే ఇన్ఈక్వేషన్స్ అంట, నంబర్ లైన్ మీద గీయాలంట, అది రావట్లేదంట. దసరాకి మా మరిది వచ్చాడు, ఇంజనీరింగ్ చదివాడు, బెంగళూరులో జాబ్. ఒక గంట కూర్చోబెట్టి చెప్పాడు, ‘గుర్తు ఎటు చూస్తే బాణం అటు గీసెయ్, ఇందులో ఏముంది’ అన్నాడు. తర్వాత టెస్టులో అలాగే గీస్తే మళ్లీ తప్పు. పేపర్ ఫొటో పంపితే చూసి ‘దీనికి మైనస్ రూల్ కూడా తెలీదు వదినా, బేసిక్సే లేవు, ఎంపీసీ ఆలోచన మానుకోండి’ అన్నాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, పాప వినేసింది. ఆ తర్వాత రెండ్రోజులకి నేను డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర, అది నోట్‌బుక్ ముందేసుకుని ఊరికే కూర్చుని ఉంది, నాకు కోపం ఆగలేదు, నేను రోజంతా నిలబడి టికెట్లు కొట్టి ఫీజు కడుతుంటే నువ్వు ఒక గీత గీయలేవా అని అరిచా. ‘గుండ్రం ఎందుకు నింపుతారో నీకు తెలుసా? తెలీదు కదా, మాట్లాడకు’ అంది. నిజమే, నాకు తెలీదు. మూడు వారాలైంది, నోట్‌బుక్ నాకు కనబడకుండా దాస్తోంది. ఈ ఫొటోలు కూడా అది పడుకున్నాక తీశా. మా ఆయన నెలకి నాలుగు వేలు పెట్టి ట్యూషన్‌లో వేద్దాం అంటారు, మళ్లీ ఆయనే స్టేట్ సిలబస్‌కి మార్చేద్దాం అంటారు. పాపేమో ఇంటర్‌లో సీఈసీ తీసుకుంటా, లెక్కల మొహం చూడను అంటోంది. నేనేం చేయాలి మేడం? సంక్రాంతికి మరిది మళ్లీ వస్తాడు. ఆ గుండ్రం సంగతి నాకు కూడా అర్థమయ్యేలా చెప్తారా?”

అమ్మా, ట్యూషన్ సంగతి, బోర్డు సంగతి అన్నీ మాట్లాడదాం కానీ ముందు ఆ ఫొటోలు చూద్దాం. మీ ఇంట్లో మూడు వారాల నుంచి నడుస్తున్న గొడవంతా ఆ నాలుగు లెక్కల మీదే నిలబడి ఉంది, వాటిని మాత్రం ఎవరూ నిదానంగా చూసినట్టు లేదు. నేను 31 ఏళ్లు లెక్కలు చెప్పాను, ఈ నాలుగు తప్పుల్నీ వందల నోట్‌బుక్కుల్లో చూశాను, అందుకే రెండుసార్లు పెట్టుకుని చూశా.

ఇన్ఈక్వేషన్ అంటే సమానం గుర్తుకి బదులు తక్కువ (<), ఎక్కువ (>) గుర్తులు ఉండే లెక్క, దానికి జవాబుగా ఎక్కువ నంబర్లు రావచ్చు, వాటిని ఎడమ నుంచి కుడికి పెరుగుతూ పోయే నంబర్ల గీత మీద, అంటే నంబర్ లైన్ మీద, చూపించాలి. మీ మరిది ‘మైనస్ రూల్ తెలీదు’ అన్న లెక్క ఇది. 5 − 2ఎక్స్ < 11, ఎక్స్ విలువలు కనుక్కుని నంబర్ లైన్ మీద గీయాలి. పాప ఏం చేసిందంటే, మైనస్ ఉన్న 2ఎక్స్‌ని కుడివైపుకి పంపేసింది, 11ని ఎడమకి తెచ్చింది, −6 < 2ఎక్స్ వచ్చింది, రెండుతో భాగించి −3 < ఎక్స్ అని రాసింది. ఇది వంద శాతం కరెక్ట్ అమ్మా. మైనస్‌తో భాగించాల్సిన అవసరమే రాకుండా తప్పించుకుంది, చాలామంది టీచర్లు ఈ దారే నేర్పిస్తారు, నేనూ ఇదే నేర్పేదాన్ని. ఆ తర్వాత నంబర్ లైన్ గీసి, −3 దగ్గర ఖాళీ గుండ్రం పెట్టి, అది కూడా కరెక్టే, ఎందుకో రెండో ఫొటో దగ్గర చెప్తా, బాణం మాత్రం ఎడమవైపుకి గీసింది. ఎందుకు గీసింది? ఎందుకంటే −3 < ఎక్స్ లో గుర్తు మొన ఎడమవైపు చూస్తోంది, బాబాయ్ గుర్తు ఎటు చూస్తే బాణం అటు అన్నాడు, పాప బాబాయ్ మాట తు.చ. తప్పకుండా పాటించింది.

ఆ చిట్కా ఎప్పుడు పనిచేస్తుందంటే ఎక్స్ ఎడమవైపు ఉన్నప్పుడు మాత్రమే. ఎక్స్ > −3 అని రాస్తే మొన కుడివైపు, బాణం కుడివైపు, సరిపోయింది. అదే విషయాన్ని −3 < ఎక్స్ అని రాస్తే మొన ఎడమకి తిరుగుతుంది, కానీ ఎక్స్ విలువలు ఎక్కడికీ పోవు కదా, అవి −3 కన్నా పెద్దవే, కుడివైపే ఉంటాయి. మీ మరిది చెడ్డ ఉద్దేశంతో చెప్పాడని నేను అనట్లేదు, ఆయన చదువుకున్నప్పుడు ఎప్పుడూ ఎక్స్‌ని ఎడమవైపే పెట్టుకునే అలవాటు ఉండి ఉంటుంది, ఆ షరతు ఒకటి ఉందన్న సంగతి ఆయనకే గుర్తుండదు. కానీ దాని వల్ల జరిగింది చూడండి, పాప కరెక్ట్‌గా చేసిన భాగానికి ‘బేసిక్స్ లేవు’ అన్న పేరు పడింది, తప్పు జరిగిన చోటు అలాగే ఉండిపోయింది. ఈ ఒక్క లెక్క కోసమైనా పాపకి ఎవరో ఒకరు ‘నువ్వు చేసింది కరెక్టే, గీత దగ్గర మాత్రం తప్పింది’ అని చెప్పాలి.

దీన్ని మీరు, లెక్కలు రానక్కర్లేకుండా, పట్టుకోగలిగేవారు. ఎలాగంటే, సున్నా పెట్టి చూడండి. ఎక్స్ చోట 0 వేస్తే 5 − 0, అంటే 5, అది 11 కన్నా తక్కువేనా? తక్కువే. అంటే 0 ఈ జవాబులో ఉండి తీరాలి. ఇప్పుడు పాప గీసిన గీత చూడండి, −3 నుంచి ఎడమకి పోతోంది, అందులో 0 లేదు. అంతే, గీత తప్పని తేలిపోయింది, రూల్ ఏదీ గుర్తుపెట్టుకోకుండానే. కావాలంటే −4 కూడా వేసి చూడండి, మైనస్ రెండుని మైనస్ నాలుగుతో గుణిస్తే ప్లస్ 8, 5కి 8 కలిపితే 13, అది 11 కన్నా తక్కువ కాదు, కాబట్టి −4 ఉండకూడదు, పాప గీతలో ఉంది. నంబర్ లైన్ అంటే ఏదో బొమ్మ అనుకుని పిల్లలు కంగారు పడతారు గానీ అది ఒక పెద్ద హాజరు పట్టీ లాంటిది, ప్రతి నంబర్‌నీ నువ్వు ఉన్నావా లేదా అని పిలవచ్చు.

మైనస్ రూల్ అన్నది కూడా ఒక మాటలో చెప్పేస్తా, ఎందుకంటే ఆ మాట మీ ఇంట్లో బాగా నలిగింది. మైనస్ సంఖ్యతో గుణించినా భాగించినా గుర్తు తిరగబడుతుంది, అదీ రూలు. ఎందుకు తిరుగుతుందో తెలుగులో చదువుకున్న మీకే తొందరగా అర్థమవుతుంది, మన పుస్తకాల్లో ప్లస్ సంఖ్యల్ని ధన సంఖ్యలు, మైనస్ వాటిని ఋణ సంఖ్యలు అంటారు కదా, ధనం అంటే ఉన్నది, ఋణం అంటే అప్పు. 628లో బ్రహ్మగుప్తుడు మైనస్ లెక్కల నియమాలు రాసింది కూడా ఈ ధనం, ఋణం మాటల్లోనే. మూడు వేలు ఉన్నవాడి కన్నా ఐదు వేలు ఉన్నవాడు పైన. అదే అప్పులుగా మార్చండి, మూడు వేల అప్పు ఉన్నవాడు ఐదు వేల అప్పు ఉన్నవాడి కన్నా పైన. 3 < 5, కానీ −3 > −5. తిరగబడింది. పాపకి ఈ రూల్ తెలుసో లేదో ఆ పేపర్ చూసి చెప్పలేం, ఎందుకంటే తను దాన్ని వాడలేదు.

ఇక రెండో ఫొటో, గుండ్రం గొడవ. ఎక్స్ < 5, ఎక్స్ వాస్తవ సంఖ్య, వాళ్ల భాషలో రియల్ నంబర్, అంటే మధ్యలో వచ్చే 4.5 లాంటివి కూడా కలిపి. పాప 4 దగ్గర నింపిన గుండ్రం పెట్టి ఎడమకి గీసింది. టీచర్ గారు కొట్టేశారు. పక్కన పెన్సిల్‌తో చిన్నగా ‘5 కన్నా తక్కువ అంటే 4 కదా???’ అని రాసుకుంది, మూడు ప్రశ్నార్థకాలు పెట్టి. ఆ పెన్సిల్ రాత చూసి నాకు చాలా ముచ్చటేసింది అమ్మా, ఎందుకంటే అది చాలా మంచి అనుమానం, దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

మీ బస్సుతో చెప్తా. బస్సులో ఐదుగురి కన్నా తక్కువ మంది ఉన్నారు అంటే ఎంతమంది ఉండొచ్చు? నలుగురు, ముగ్గురు, ఇద్దరు, ఒకరు, లేదా ఎవరూ లేరు. నాలుగున్నర మంది ఉండరు. అక్కడ పాప అన్నది నిజం, 5 కన్నా తక్కువ అంటే 4 దగ్గరే ఆగాలి. ఇప్పుడు ట్యాంకులో ఐదు లీటర్ల కన్నా తక్కువ డీజిల్ ఉంది అంటే? నాలుగే ఉండాలని లేదు, 4.5 ఉండొచ్చు, 4.9 ఉండొచ్చు, 4.99, 4.999, ఐదుకి ఎంత దగ్గరికైనా పోవచ్చు, ఐదు మాత్రం కాకూడదు. అందులో ‘ఆఖరి నంబర్’ అంటూ ఏదీ లేదు, మీరు ఏది చెప్పినా దానికీ ఐదుకీ మధ్య ఇంకోటి దూరుతుంది. ఆఖరి నంబరే లేనప్పుడు గీత ఎక్కడ మొదలైందని చూపించాలి? అందుకే ఆ ఖాళీ గుండ్రం. గీత 5 దాకా వస్తుంది, 5 మాత్రం ఇందులో లేదు అని చెప్పడానికి 5 దగ్గర గుండ్రం పెట్టి లోపల ఖాళీగా వదిలేస్తారు. 5 కూడా ఉంటే, అంటే ఎక్స్ ≤ 5 అయితే, నింపేస్తారు. మీరు అడిగిన గుండ్రం సంగతి ఇంతే.

మీరు రోజూ చేసే పని కూడా ఇదేనమ్మా. పిల్లాడిని చంకనేసుకుని ఎక్కినావిడని ‘బాబుకి ఐదు నిండాయా’ అని అడుగుతారు కదా, ఆ ‘నిండాయా’ అన్న మాట చూడండి. రైల్వేలో విడిగా బెర్తు అడగకపోతే 5 నిండని పిల్లలకి టికెట్ అక్కర్లేదు, 5 నిండి 12 నిండని వాళ్లకి సగం చార్జీ. దాన్ని నంబర్ లైన్ మీద పెడితే 5 దగ్గర నింపిన గుండ్రం, 12 దగ్గర ఖాళీ గుండ్రం, మధ్యలో గీత, 5 ≤ ఎక్స్ < 12. ఓటు హక్కు 18 నిండితే వస్తుంది, 18 దగ్గర నింపిన గుండ్రం, అక్కణ్ణుంచి కుడికి బాణం. 1989కి ముందు అది 21, అంటే రాజ్యాంగ సవరణ చేసి ఆ గుండ్రాన్ని మూడు గళ్లు ఎడమకి జరిపారు. నిండితే నింపు, నిండకపోతే నింపకు. నేను క్లాసులో పదేళ్లు చెప్పాక గానీ ఈ రెండు మాటలూ ఒకటేనన్న సంగతి నాకు తట్టలేదు.

పాపకి ఇంకో సంగతి కూడా చెప్పొచ్చు, వినే మూడ్‌లో ఉంటే. ఈ < > గుర్తులు మొదట అచ్చయింది 1631లో, థామస్ హారియట్ అనే ఇంగ్లీషాయన పుస్తకంలో, ఆయన పోయిన పదేళ్లకి వేశారు. కింద గీత ఉన్న గుర్తుని, అంటే ‘తక్కువ లేదా సమానం’ అన్నదాన్ని, ఫ్రాన్సులో పియెర్ బుగేర్ వాడింది 1734లో. హద్దు నంబర్ లోపలుందా బయటుందా అన్నదాన్ని ఇలా గుర్తు కింద గీత పెట్టి చెప్పడానికి పండితులకే వందేళ్లు పైన పట్టింది.

మూడో ఫొటో, −2 ≤ ఎక్స్ < 3, ఎక్స్ పూర్ణసంఖ్య, అంటే అర, పావు లాంటివి రాని సంఖ్య. పాప −2 దగ్గర నింపి, 3 దగ్గర ఖాళీ పెట్టి, మధ్యలో లావు గీత గీసింది. −2 ఉందని నింపింది, 3 లేదని ఖాళీ పెట్టింది చూశారా, అంటే టీచర్ కొట్టేశాక గుండ్రం ఎప్పుడు నింపాలో పట్టుకుంది. కానీ ఇక్కడ ఎక్స్ ప్రయాణికుల్లాంటిది, డీజిల్ లాంటిది కాదు, కాబట్టి గీత రాకూడదు, −2, −1, 0, 1, 2 దగ్గర ఐదు చుక్కలు మాత్రం పెట్టాలి. ముందు లెక్కలో డీజిల్ అయితే పాప ప్రయాణికులు అనుకుంది, ఈ లెక్కలో ప్రయాణికులు అయితే డీజిల్ అనుకుంది. అంటే రెండు ఫొటోల్లో కనిపించేది ఒకటే తప్పు, లెక్క చివర్లో ‘ఎక్స్ ఆర్‌కి చెందుతుంది’, ‘జెడ్‌కి చెందుతుంది’, ‘డబ్ల్యూకి చెందుతుంది’ అని చిన్నగా రాసి ఉంటుంది చూడండి, ఆ ముక్క చదవకుండా గీసేస్తోంది. ఆర్ అంటే అన్నీ వచ్చేస్తాయి, గీత. జెడ్ అంటే పూర్ణసంఖ్యలు, డబ్ల్యూ అంటే 0, 1, 2, 3 అలా సున్నా నుంచి పైకి పోయే పూర్ణాంకాలు, రెండిట్లోనూ చుక్కలే. పాపని ఆ అక్షరానికి మొట్టమొదట సున్నా చుట్టి ఆ తర్వాతే లెక్క మొదలుపెట్టమనండి, ఈ తప్పు చాలావరకు పోతుంది.

నాలుగోది చిన్నది. ‘ఎట్ లీస్ట్ 35 మార్కులు’ అన్నదానికి ఎక్స్ ≤ 35 అని రాసింది. లీస్ట్ అంటే తక్కువ కాబట్టి తక్కువ గుర్తు వేసేసింది, ఇంగ్లీషులో చదివే పిల్లలందరూ ఒకసారైనా ఇక్కడ పడతారు. దీనికి మందు మీ దగ్గర ఉంది. ‘కనీసం 35 రావాలి’ అని తెలుగులో చెప్పండి, పాప ఒక్క క్షణం ఆలోచించదు, 35 వచ్చినా పాసే, 36 వచ్చినా పాసే అంటుంది, ఎక్స్ ≥ 35. ‘ఎట్ మోస్ట్’ అన్నదాన్ని ‘మహా అయితే’ అనండి, ‘మహా అయితే పదిమంది వస్తారు’ అంటే పదీ ఉంది, పది లోపూ ఉంది, పైన లేదు. ‘లోపు’ అన్న మాటతో మాత్రం జాగ్రత్త, పదో తారీఖు లోపు కట్టాలి అంటే పదో తారీఖు కూడా ఉన్నట్టే, ఐదేళ్ల లోపు పిల్లలు అంటే ఐదు లేనట్టు. అలాంటి చోట హద్దు నంబర్ ఉందా లేదా అని విడిగా అడగాల్సిందే.

కాబట్టి అమ్మా, నాలుగు తప్పులు, కారణాలు మూడు. షరతు చెప్పని ఒక చిట్కా, చదవకుండా దాటేసిన ఒక అక్షరం, ఇంగ్లీషు మాట ఒకటి. ఇవి బేసిక్స్ లేని పిల్ల చేసే తప్పులు కావు. 80కి 41 అంటే పోయినవి 39 మార్కులు, ఐసీఎస్ఈ పేపర్లో ఈ చాప్టర్ నుంచి మామూలుగా వచ్చేది మూడు నాలుగు మార్కుల లెక్క ఒకటి. మిగతావి ఎక్కడ పోయాయో నాకు తెలీదు, మీరు ఆ పేజీలు పంపలేదు. నా అనుమానం, ఈ ఒక్కటి రావట్లేదన్న దిగులులో మిగతావి కూడా వదిలేసి ఉంటుంది, కానీ పేపర్ మొత్తం చూడకుండా అది ఖాయంగా చెప్పను. ఆ పేపర్ ఒకసారి స్కూల్లో అడిగి చూడండి.

ఇప్పుడు దారుల సంగతి, మీ ఇంట్లో వినిపిస్తున్నవి మూడు, నేను కలిపేది ఒకటి. బోర్డు మార్చడం గురించి ముందే చెప్పేస్తా, ఐసీఎస్ఈకి రిజిస్ట్రేషన్ 9వ తరగతిలోనే అయిపోతుంది, 10 సగంలో ఇంకో బోర్డుకి మారితే పాపకి ఒక సంవత్సరం పోయే ప్రమాదం ఉంది. పైగా ఇంకో నాలుగైదు నెలల్లో పది అయిపోతుంది, ఇంటర్‌లో చేరితే స్టేట్ సిలబస్ దానంతటదే వస్తుంది. మీ ఆయనకి ఈ లెక్క చెప్తే ఒప్పుకుంటారనుకుంటున్నా.

ట్యూషన్ అంత తీసిపారేసేది కాదు. నెలకి నాలుగు వేలంటే పరీక్షల దాకా పదహారు వేలు, మీ జీతంలో అది చిన్నది కాదని నాకు తెలుసు. అంత పెట్టినందుకు ఏం రావాలంటే, నేను పైన చూసినట్టు ఎవరో ఒకరు పాప నోట్‌బుక్ చూసి ఎక్కడ తప్పిందో చెప్పాలి. నలభై మందిని కూర్చోబెట్టి బోర్డు మీద లెక్కలు చేసి పంపించే చోట అది జరగదు, ఇంకో నలభై చిట్కాలు నేర్చుకుని వస్తుంది. చేర్చేముందు వెళ్లి అడగండి, బ్యాచ్‌లో ఎంతమంది, పిల్లల తప్పులు ఎవరు చూస్తారు అని. ఐదారుగురికి చెప్పే టీచర్ ఎవరైనా మీ వీధిలో దొరికితే ఒక నెల చూసి, అప్పుడు మిగతా సంగతి ఆలోచించొచ్చు. స్కూల్లో మాథ్స్ టీచర్‌ని కూడా అడగండి, సాయంత్రం పావుగంట ఇవ్వమంటే ఇచ్చేవాళ్లు చాలామందే ఉంటారు, అడిగేవాళ్లే తక్కువ.

సీఈసీ సంగతి. పాపకి నిజంగా కామర్స్, ఎకనామిక్స్ ఇష్టమైతే అది చక్కటి దారి, ఆనందంగా పంపండి. కానీ లెక్కల నుంచి పారిపోవడానికి అయితే మాత్రం ఆ దారిలో కూడా ఇది ఎదురవుతుంది, చార్టర్డ్ అకౌంటెంట్ చదువులో మొదటి పరీక్ష అయిన సీఏ ఫౌండేషన్ లెక్కల పేపర్లో లీనియర్ ఇన్ఈక్వాలిటీస్ అని చాప్టరే ఉంది. ఎంపీసీ వైపు వెళ్తే ఎలాగూ ఉంటుంది, ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో ఇదే మళ్లీ వస్తుంది. కాబట్టి గ్రూప్ గురించి ఇప్పుడు ఇంట్లో ఎవరూ ఏమీ తేల్చొద్దు, తేలిస్తే ఆ ఫోన్ కాల్ తేల్చినట్టవుతుంది. పది పరీక్షలయ్యాక పాపే చెప్తుంది, అప్పటికి చెప్పేది వేరేగా ఉండొచ్చు, ఇదే అయినా పర్వాలేదు.

మీరు కూర్చోవడం అనేది నాలుగో దారి, ఇది మీరు ఉత్తరంలో అడగలేదు, నేనే పెడుతున్నా. డ్యూటీ దిగి తొమ్మిదిన్నరకి వచ్చిన మనిషిని రోజూ కూర్చోమని నేను చెప్పను, అలా చేస్తే మళ్లీ అరుపుల్లోకే పోతుంది. వారంలో మీకు ఆఫ్ ఉన్న రోజు, అరగంట, మూడు లెక్కలు. పాప చేస్తుంది, మీరు ప్రశ్నలు మాత్రం అడుగుతారు. ‘ఇందులో సున్నా ఉందా, వేసి చూపించు’ అంటే బాణం ఎటో తేలిపోతుంది. ‘హద్దు నంబర్ ఉందా’ అంటే గుండ్రం తేలుతుంది. ‘మధ్యలో అర ఉందా, రెండున్నర ఉందా’ అంటే గీతా చుక్కలా తేలుతుంది. హద్దే సున్నా అయిన లెక్కల్లో సున్నాకి బదులు ఒకటి అడగండి. జవాబు మీకు తెలియాల్సిన పనిలేదు, తనే లెక్కలో వేసి చూపిస్తుంది కాబట్టి తప్పు తనకే కనబడుతుంది. ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది, మీరు అడుగుతుంటే మొదట్లో విసుక్కుంటుంది, పదిహేనేళ్ల పిల్ల, అవమానం ఇంకా ఆరలేదు. రెండు వారాలు చూసి అస్సలు పడకపోతే వదిలేయండి, స్కూల్ టీచర్ దారి ఎలాగూ ఉంది.

కానీ అది మొదలవ్వాలంటే ముందు నోట్‌బుక్ బయటికి రావాలి. ఫొటోలు తీసిన సంగతి పాపకి చెప్పాలా వద్దా అన్నది మీరు ఆలోచించుకోండి. చెప్పకపోతే ఈ వారం ప్రశాంతంగా గడుస్తుంది, కానీ మీకు ఈ లెక్కలు ఎలా తెలిశాయో రేపు తనకి అనుమానం వస్తుంది, నోట్‌బుక్ ఇంకా లోపలికి పోతుంది. చెప్తే కోపం వస్తుంది, ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. నేనైతే చెప్తాను, చెప్పేటప్పుడు ముందు ఆ −3 < ఎక్స్ లెక్కతో మొదలుపెడతాను, ‘నీ లెక్క కరెక్టేనంట, ఒక టీచరమ్మ చూసి చెప్పింది, నేను ఆరోజు తెలీకుండా అరిచాను, తప్పు నాది’ అని. ఫీజు మాట మళ్లీ ఎత్తకండి. మీరు రోజంతా నిలబడుతున్నారని ఆ పిల్లకి తెలుసు, ఆ రాత్రి ఊరికే కూర్చుని ఉండడానికి అది కూడా ఒక కారణం అయి ఉండొచ్చు. ఇంకోటి, ‘గుండ్రం ఎందుకు నింపుతారో తెలుసా’ అని తను అడిగింది కదా, దాన్ని మీరు తిట్టులా విన్నారు, విన్నప్పుడు అలాగే ఉంటుంది, కానీ ఆ పెన్సిల్ రాత చూశాక నాకేమనిపించిందంటే, అది తనకి కూడా తెలీదు, ఎవరినీ అడగలేకపోయింది.

సంక్రాంతికి మీ మరిది వచ్చినప్పుడు గొడవ పెట్టుకోవద్దు, అలాగని ఊరుకోవద్దు. ఊరుకుంటే ‘బేసిక్స్ లేవు’ అన్న మాట ఇంట్లో నిలిచిపోతుంది. పాప లేనప్పుడు పక్కకి పిలిచి ఆ పేపర్ చూపించి ‘ఇక్కడ −3 < ఎక్స్ కరెక్టే కదా, నీ చిట్కా ఎక్స్ కుడివైపు ఉంటే పనిచేయదు కదా’ అని అడగండి. ఇంజనీరింగ్ చదివిన మనిషి, అర నిమిషంలో తెలుసుకుంటాడు. తెలుసుకున్నాక ఆ మాటేదో పాపకి ఆయన్నే చెప్పమనండి. అది పాపకి నేను చెప్పినదానికన్నా, మీరు చెప్పినదానికన్నా ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే కొట్టిపారేసింది ఆయనే. ఆయన చెప్పనంటే బలవంతం వద్దు, పాపకి లెక్కలు చెప్పే పని మాత్రం ఆయనకి మళ్లీ ఇవ్వకండి.

మొదటి అరగంటకి ఒక లెక్క ఇస్తున్నా. −3 < 2ఎక్స్ − 1 ≤ 5, ముందు ఎక్స్ ఆర్‌కి చెందుతుంది అనుకుని ఒక నంబర్ లైన్, తర్వాత డబ్ల్యూకి చెందుతుంది అనుకుని ఇంకో నంబర్ లైన్ గీయమనండి. మూడు ముక్కలకీ ఒకేసారి ఒకటి కలిపి, తర్వాత మూడిటినీ రెండుతో భాగిస్తుంది, అది తనకి వచ్చు. మీ వైపు చెక్ చేసుకోడానికి, −1 వేస్తే −3 < −3 అవుతుంది, కుదరదు, 3 వేస్తే 5 ≤ 5, కుదురుతుంది, 0 కుదురుతుంది, రెండున్నర కుదురుతుంది, 4 కుదరదు. మొదటి లైన్ మీద −1 దగ్గర ఖాళీ, 3 దగ్గర నింపినది, మధ్యలో గీత ఉండాలి. రెండో లైన్ మీద నాలుగు చుక్కలు ఉండాలి, 0 నుంచి 3 దాకా.